మందు కొట్టింది చేనుకా, మన ఒంటికా?

మన పల్లెల్లో ఇప్పటికీ ఏ పురుగుమందునైనా ‘ఎండ్రిన్’ అనే అంటారు. ఎండ్రిన్‌ను దేశంలో 1990లోనే నిషేధించారు. పేరు పోలేదు. ఆ జాతి రసాయనాలూ అంత తేలిగ్గా పోవు. ఎండ్రిన్, డీడీటీ, ఎండోసల్ఫాన్, అన్నీ క్లోరిన్ కలిపి మనిషి చేసినవే. నీళ్ళలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. మేత నుంచి గేదెకు, పాల నుంచి మనకు చేరతాయి. గర్భంలో మాయను దాటి బిడ్డకు, ఆపైన చనుబాలలోకి వెళతాయి. అలాగని తల్లిపాలు మానమనే హక్కు ఎవరికీ లేదు. నిలదీయాల్సింది తల్లిని కాదు, విషం అమ్మినవాణ్ణి.

నల్గొండ నీళ్ళలో ఫ్లోరైడ్ రాళ్ళలోంచి వచ్చింది కాబట్టి ప్రకృతి శాపం అని చేతులు దులుపుకున్నారు. మరి ఫ్యాక్టరీలో తయారై, లైసెన్సు పొంది, అప్పు మీద మన ఊరికొచ్చిన విషం ఎవరి శాపం?

మందు కొట్టేది ఎక్కువగా మగవాళ్ళు. ఆ నీళ్ళు మోసేది, ఆ చేలోనే కలుపు తీసేది, పత్తి ఏరేది, మందు అంటిన బట్టలు ఉతికేది ఆడవాళ్ళు. మహబూబ్‌నగర్ జిల్లా పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లల్ని పెట్టారు. పువ్వు పువ్వునూ చేత్తో ముట్టాలి. ఆ చేలల్లో ఎండోసల్ఫాన్ కొట్టేవారు. చిన్న వేళ్ళకు పని బాగా వస్తుందన్నారు. అసలు సంగతి చిన్న కూలి!

1971 నాటి నిబంధనల ప్రకారం మందు తయారీలో, పిచికారీలో ఉన్నవాళ్ళకు వైద్య పరీక్షలు చేయించాలి. కలుపు తీసే కూలి ఆ వాక్యంలో లేదు. చాలామందికి పట్టా పాసుపుస్తకంలోనూ పేరు లేదు.

‘నిషేధించారు కదా, ఇంకా గొడవెందుకు?’ అని నన్ను అడిగేవాళ్ళున్నారు. 2011 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ఎండోసల్ఫాన్‌ను తొలగించాలని ప్రపంచ దేశాలు నిర్ణయించాయి. అప్పటిదాకా అడ్డుపడిన మన ప్రభుత్వం మినహాయింపులు రాయించుకుని ఒప్పుకుంది. ఆ మే 13న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. కాసరగోడ్ జీడితోటలపై ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో ఇదే మందు చల్లారు. జనం పోరాడారు. బాధితులకు 5 లక్షల చొప్పున ఇవ్వాలని 2017లో కోర్టు చెప్పింది. అక్కడ బాధితుల జాబితా ఉంది. మన జాబితా ఏది? నిషేధం అమ్మకాన్ని ఆపుతుంది. ఒంట్లో చేరినదాన్ని తీసెయ్యదు.

మందు లేకుంటే పంట రాదన్నది కంపెనీల మాట. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో 2000ల మొదట్లోనే పురుగుమందులు మానేశారు. అందులో మహిళా సంఘాలు ముందు నిలిచాయి.

పత్తిచేల కూలీలందరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షలు జరగాలి. మందు కొట్టిన చేలోకి ఎన్నాళ్ళదాకా దిగకూడదో దుకాణదారు తెలుగులో చెప్పాలి. ఆ రోజుల కూలి రైతు మీద కాదు, కంపెనీ మీద పడాలి. చట్టంలో కలుపు కూలికీ చోటుండాలి.

అక్కలారా, వాళ్ళు లెక్క తీసేదాకా ఆగవద్దు. పొదుపు పుస్తకాల పక్కన ఇంకో పుస్తకం తెరుద్దాం. ఎవరు ఏ చేలో, ఏ వయసు నుంచి, ఎన్నేళ్ళు పనిచేశారో రాద్దాం.