నీటి దారిలో ఇద్దరు

అమెరికాలో కొందరు దంపతులు ఉద్యోగ విరమణ తర్వాత ఇంటికి తాళం వేసి, సొంత పడవలో ఏడాదిపాటు తిరుగుతారు. ఆ మార్గాన్ని గ్రేట్ లూప్ అంటారు. అట్లాంటిక్ తీరం, హడ్సన్ నది, ఈరీ కాలువ, మహాసరస్సులు, మిసిసిపీ, టెనెసీ నదులు, గల్ఫ్ తీరం చుట్టి వస్తే సుమారు 9,600 కిలోమీటర్లు. ఒకరు చుక్కాని పడితే మరొకరు తాడు పట్టాలి. లాకులో నీరు దిగేకొద్దీ తాడు వదులుతూ పోవాలి. బిగించి కట్టేస్తే పడవ గోడకు వేలాడుతుంది. అలిగి కూర్చుంటే కుదరదు!

డబ్బున్నవాళ్ళ సరదా అనవచ్చు, కొంత నిజమే. కానీ సరుకు బార్జీల కోసం ప్రభుత్వం కట్టిన నదీ లాకుల్లో చిన్న పడవనూ రుసుము లేకుండా దాటిస్తారు. నాకు నచ్చింది అదే.

గోదావరి జిల్లాల పిల్లలకు లాకులు కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలువలు పొలాలకు నీరు, పడవలకు దారి రెండూ ఇచ్చాయి. బకింగ్‌హాం కాలువలో మద్రాసుకు సరుకులు వెళ్ళేవి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ప్రకటన చాలదు. పూడిక తీయాలి, లాకు తలుపులు బాగుచేయాలి, మనం చెత్త వేయడం మానాలి. బార్జీ తిరిగినంత మాత్రాన సరిపోదు. ఇద్దరు మనుషులు తమ చిన్న పడవలో కాకినాడలో బయలుదేరి పుదుచ్చేరిలో దిగిన రోజున ఆ దారి తెరిచారని నేను ఒప్పుకుంటాను.