తెరమీద గీత

అరకులోయ నుంచి ఒక సోదరి, బడిలో పంతులమ్మ, నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు ప్రకటించవద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది. పది నెలల క్రితం విశాఖపట్నంలో 18,000 రూపాయలు పోసి ఫోను కొన్నారు. ఒక రాత్రి కంపెనీవారు పంపిన కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించి పడుకున్నారు. తెల్లవారి చూస్తే తెరమీద పైనుంచి కిందికి దారం వేలాడదీసినట్టు ఒక ఆకుపచ్చ గీత! వారం తిరిగేసరికి దాని పక్కన ఇంకొకటి. ఫోను కిందపడలేదు. అద్దం చెక్కు చెదరలేదు. సెలవు పెట్టి, బస్సెక్కి, విశాఖలో సర్వీసు సెంటరుకు వెళ్ళారు. అక్కడి కుర్రవాడు ఫోను లోపలికి పట్టుకెళ్ళి పావుగంటకు తిరిగివచ్చి, "చెమ్మ తగిలిందండీ, మీది కొండప్రాంతం కదా! వారంటీ వర్తించదు. తెర మార్చాలంటే 8,500 అవుతుంది" అన్నాడట. ఆ మాటే కాగితం మీద వ్రాసి ఇమ్మంటే, "అటువంటివి ఇవ్వమండీ" అన్నాడట. "మంచు కురిసే ఊళ్ళో కాపురముండడం నా తప్పా?" అని అడుగుతున్నారు ఈ సోదరి.

తప్పు కాదమ్మా. అయితే ఆ మాట మీరూ నేనూ అనుకుంటే చాలదు, కంపెనీవారి చేత అనిపించాలి. అందుకు ముందు ఆ గీత ఏమిటో తెలియాలి.

ఇప్పుడు చాలా ఫోన్లలో వస్తున్న అమోలెడ్ తెరకు వెనకనుంచి వెలిగే దీపమంటూ ఉండదు. లక్షల కొద్దీ చుక్కలు దేని వెలుగు అదే ఇస్తాయి. ఆ చుక్కలకు వరుసవారీగా సంకేతాలు అందించే సన్నని తీగలు తెర అంచున రిబ్బను లాంటి పట్టీకి అతికి ఉంటాయి. ఆ అతుకు ఒక్కచోట ఊడినా, ఒక తీగ తెగినా, ఆ వరుస వరుసంతా అదుపు తప్పి గీతలాగా వెలుగుతుంది. సాఫ్ట్‌వేరు మారేటప్పుడు ఫోను వేడెక్కడం మామూలే. బలహీనంగా ఉన్న అతుకు ఆ వేడికి బయటపడుతుందని కొందరి ఊహ. ఏమైనా, కిందపడకుండా, నలగకుండా ఉన్న తెరమీద నిలువుగీత వచ్చిందంటే ముందుగా అనుమానించవలసింది తయారీనే గాని, కొన్నవారిని కాదు.

దెబ్బ తగిలిన తెర తీరు వేరుగా ఉంటుంది. అద్దం బీటలు వారుతుంది. లేదా లోపల సిరా ఒలికినట్టు నల్లటి మరక పుట్టి రోజురోజుకూ పాకుతుంది. అది వారంటీలోకి రాదు, దానికోసం పోట్లాడి లాభం లేదు. పైన అద్దం, మధ్యన వేలి స్పర్శ తెలుసుకునే పొర, కింద బొమ్మ చూపే పలక, ఈ మూడూ కలిపి అతికించి ఉంటాయి గనుక ఏది చెడినా సాధారణంగా మొత్తం మార్చేస్తారు. 8,500 అన్నది అందుకే.

ఈ గీతల బాధ మీ ఒక్కరిది కాదు సుమండీ. వన్‌ప్లస్ కంపెనీ 2023లో మన దేశంలో ఈ ఆకుపచ్చ గీతలు వచ్చిన కొన్ని మోడళ్ళకు వారంటీ గడువు దాటినా తెర ఉచితంగా మారుస్తామంది. శామ్‌సంగ్ వారు 2024లో కొన్ని ఖరీదైన మోడళ్ళకు, గడువు పెట్టి, ఒక్కసారికి ఉచితంగా మార్చారు. దెబ్బగాని, నీరుగాని తగలని ఫోన్లకేనని షరతు. కొన్నవాళ్ళు ఊరూరా గోల పెట్టాకే ఇదంతా జరిగింది. అమ్మేవాళ్ళకూ సుఖం లేదు కాబోలు! దక్షిణాది సెల్‌ఫోను దుకాణదారుల సంఘం 2024 మే 1 నుంచి వన్‌ప్లస్ సరుకు అమ్మబోమని ప్రకటించినప్పుడు, చెప్పిన కారణాలలో వారంటీ పనుల జాప్యం ఒకటి. కాబట్టి మీ ఫోను ఏ కంపెనీదైనా సరే, ఆ మోడలుకు అటువంటి సదుపాయం ఏమైనా ఉన్నదేమో ముందు కంపెనీ వెబ్‌సైటులో చూడండి. సర్వీసు సెంటరువాళ్ళు తమంతట తాము చెప్పకపోవడం కద్దు.

ఇక చెమ్మ మాట. ఫోను లోపల, తరచుగా సిమ్ కార్డు పెట్టే సందులో, చిన్న తెల్లని బిళ్ళ అంటించి ఉంటుంది. నీరు తగిలితే ఎర్రబడుతుంది. "చెమ్మ తగిలింది" అని అన్నప్పుడు సాధారణంగా వాళ్ళు చూసేది దీన్నే. సిమ్ పలక తీసి టార్చి వేస్తే చాలా ఫోన్లలో మనకూ కనిపిస్తుంది. తెల్లగా ఉంటే ఫొటో తీసి దాచుకోండి. మామూలు గాలిలోని తేమకు ఆ బిళ్ళ రంగు మారదని యాపిల్ లాంటి తయారీదారులే చెబుతున్నారు. అయితే, లంబసింగి చలిలో మోటారు సైకిలు మీద తిరిగి వచ్చి ఫోనును తిన్నగా పొయ్యి గట్టున పెట్టారనుకోండి, చల్లని చెంబుకు బయట నీళ్ళు పట్టినట్టు లోపల నీళ్ళు పడతాయి. అలా చేయకండి. సంచిలోనే ఉంచి గది వేడికి నెమ్మదిగా రానివ్వండి. ఆపైన చార్జింగు.

"నీళ్ళలో పడినా ఏమీ కాదు" అని ప్రకటనల్లో ఫోనును కొలనులో ముంచి చూపిస్తారు. ఐపీ 67 అంటే మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట ఉంచి చేసే పరీక్ష. వారంటీ కాగితంలో మాత్రం నీటివల్ల చెడితే మాకు సంబంధం లేదని చిన్న అక్షరాలలో ఉంటుంది. రెండూ ఒకే కంపెనీ వ్రాతలు!

అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్లు. ఘాటురోడ్డు మీద బస్సులో నాలుగు గంటల ప్రయాణం. పగటి రైలు పొద్దున విశాఖలో బయలుదేరి కొండెక్కి, మధ్యాహ్నం తరువాత దిగివస్తుంది. సొరంగాలు చూసి కేరింతలు కొట్టే టూరిస్టులకు బాగుంటుంది గాని, కొండ దిగి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవలసిన మనిషికి ఆ వేళలు అక్కరకు రావు. "విడిభాగం రాలేదు, వచ్చే వారం రండి" అన్న ఒక్కమాట పట్నం మనిషికి అరగంట విసుగు. మీకది ఒక సెలవు, రానుపోను చార్జీలు, పూటకూళ్ళ ఖర్చు. మీ ఉత్తరంలో నాకు బాగా బాధ కలిగించిన వాక్యం కూడా ఇదే: "తెర పాడైతే బడిలో హాజరు వేయడానికి కూడా తోటి పంతులమ్మను బ్రతిమాలుకోవాలి." ఐరోపా దేశాల్లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడలు అమ్మకం ఆపిన ఏడేళ్ళ వరకు విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో "రిపేరు హక్కు" పేరిట ఒక వెబ్‌సైటు తెరిచింది. కంపెనీల సర్వీసు వివరాలు అక్కడ దొరుకుతాయి. కొండమీదికి సర్వీసు సెంటరు మాత్రం దానివల్ల రాదు.

కనుక ఈసారి దిగితే ఒక్కసారికే పని పూర్తయ్యేలా దిగండి. వేరే ఫోనుతో మీ ఫోనును పగటి వెలుతురులో నాలుగు అంచులూ, వెనకా, ముందూ వీడియో తీయించండి. బిల్లు ఫొటో తీసుకోండి. దుకాణాల్లో ఇచ్చే ఆ నున్నని బిల్లు అక్షరాలు నెలల్లో వెలిసిపోతాయి, చెమ్మ ఊళ్ళో మరీను. సర్వీసు సెంటరులో జాబ్ షీటు మీద "అద్దం పగలలేదు, నిలువు గీతలు" అని వ్రాయించుకోకుండా ఫోను చేతికివ్వకండి. వారంటీ లేదంటే, కారణం ఆ షీటు మీదే వ్రాయమనండి. వ్రాయమంటే, ఆ నిమిషమే కంపెనీ ఈ-మెయిలుకు తేదీతో సహా జరిగింది వ్రాసి పంపండి. కాగితం లేనిచోట ఉత్తరమే సాక్ష్యం. మీ ఊళ్ళో రిపేరు దుకాణం అబ్బాయి ఎంత మంచివాడైనా, వారంటీ తేలేవరకు ఫోను విప్పనివ్వకండి. విప్పితే కంపెనీకి మరో సాకు దొరుకుతుంది.

అప్పటికీ కాదంటే 1915కు ఫోను చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం అది. తెలుగులోనే మాట్లాడవచ్చు. అది కోర్టు కాదు గాని, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. 1986 నాటి చట్టం కింద కంపెనీయో, దాని శాఖో ఉన్నచోట, లేదా వ్యవహారం జరిగినచోట కేసు వేయవలసి వచ్చేది. 2020 జూలై 20 నుంచి అమలైన 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటు కమిషన్‌లోనే వేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటినుంచే దాఖలు చేసి, వీడియోలో విచారణకు హాజరవుతామని కోరవచ్చు. గడువు రెండేళ్ళు. అమ్మిన దుకాణాన్నీ, కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లోపం చూడగానే తేలకపోతే కమిషన్ ఫోనును లాబరేటరీకి పంపవచ్చు. ఆ ఖర్చుకు ముందు మిమ్మల్ని డబ్బు కట్టమనవచ్చు. తెర ఖరీదుతో పాటు బస్సు చార్జీలూ, పోయిన సెలవులూ వ్రాయడం మరచిపోకండి.

మీవారు "ఈ తిప్పలన్నీ ఎందుకు, వాయిదాల మీద కొత్తది కొనేద్దాం" అంటున్నారన్నారు. కొత్త ఫోనుకు గీత రాదని ఆయన హామీ ఇవ్వగలరా? వారంటీ ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలకు కూడా మీరు ముందే డబ్బు కట్టి ఉన్నారు.

మీ బడి పిల్లల తండ్రులు సంతలో కొన్న ఫోన్లు తెచ్చి మీకు చూపిస్తారని, ఒక్కరి దగ్గరా బిల్లు ఉండదని వ్రాశారు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం లెక్కలో అనుచిత వ్యాపారమే. ఇంట్లో కువి, ఒడియా మాట్లాడే మనిషి సంతలో నిలబడి ఆ సంగతి వాదించలేడు. మీరు ఒక కాగితం మీద "బిల్లు ఇవ్వండి, ఐఎంఇఐ నంబరు వేయండి" అని తెలుగులో వ్రాసి ఇస్తే, దానిని చూపించి అడగగలడు.

రిపేరుకు ఇచ్చేముందు ఫొటోలూ నంబర్లూ వేరేచోట దాచుకోండి. సిమ్మూ కార్డూ తీసేయండి. డబ్బు చెల్లింపు యాప్‌లు తొలగించండి. తెర కనబడుతూ వేలికి పలకకపోతే, ఓటీజీ అనే చిన్న ముక్కతో కంప్యూటరు మౌసు తగిలించి చూడండి. చాలా ఫోన్లలో పనిచేస్తుంది.

చివరగా, ఫోనును బియ్యం డబ్బాలో పెడితే గీత పోతుందని మీ అత్తగారు అన్నారట. గీతకు బియ్యం మందు కాదు. తడిసిన ఫోనుకైనా బియ్యం వద్దని, నూకలు సందుల్లో దూరతాయని యాపిల్ వారు కూడా చెప్పారు. అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, ఆ బియ్యం ఎసట్లో పోయండి.