వాయిదాకు తేదీ ఉంది, మరమ్మతుకు లేదు

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైందో లేదో, ఇంట్లో మరో ఖర్చు లెక్కకొస్తుంది. పిల్లలకు ల్యాప్‌టాప్ కావాలి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లినా, జిల్లా కేంద్రంలోని షోరూంకు వెళ్లినా మొత్తం సొమ్ము ఒకేసారి కట్టగలిగిన కుటుంబాలు కొన్నే. మిగిలినవాళ్ల కోసం కౌంటర్ పక్కనే ఫైనాన్స్ కంపెనీ మనిషి బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఇస్తే చాలు, కాసేపట్లో రుణం మంజూరవుతుంది. 54 వేల రూపాయల యంత్రం, నెలకు 4,500 చొప్పున 12 వాయిదాలు.

ఆ యంత్రం మూడో వారంలో మొరాయిస్తే ఏం చేయాలో ఆ బల్ల దగ్గర ఎవరూ చెప్పరు. దుకాణదారు సర్వీస్ సెంటర్‌కు వెళ్లమంటాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు కంపెనీ నుంచి పార్టు రావాలంటారు. రుణమిచ్చిన సంస్థ అయితే వస్తువుతో తమకు సంబంధమే లేదంటుంది. నెల తిరిగేసరికి ఖాతాలోంచి వాయిదా కోత మాత్రం తప్పదు. అమ్మేటప్పుడు ఒకే బల్ల దగ్గర కలిసి కూర్చున్నవాళ్లు సరుకు చెడగానే ఒకరికొకరు పరాయివాళ్లయిపోతున్నారు. అలా తప్పుకోవడానికి మన చట్టమే వాళ్లకు దారి వదిలింది. ఆ దారి మూయని కేంద్ర ప్రభుత్వాన్ని, రిజర్వ్ బ్యాంకును నిలదీయక తప్పదు.

ల్యాప్‌టాప్‌లో లోపాలు చాలావరకు వచ్చి పోయే రకం. మెమొరీలో లోపం ఉంటే గంటో రెండు గంటలో వాడి యంత్రం వేడెక్కాక గానీ బయటపడకపోవచ్చు. తెర నీలంగా మారి, యంత్రం దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అదే యంత్రాన్ని సర్వీస్ సెంటర్‌లో పది నిమిషాలు ఆన్ చేసి చూస్తే ఏ తేడా ఉండదు. లోపం కనబడలేదని రాసి, విండోస్ మళ్లీ ఎక్కించి తిరిగిచ్చేస్తారు. ఫార్మాట్‌లో విద్యార్థి నోట్సు, ప్రాజెక్టు ఫైళ్లు పోతాయి, లోపం మాత్రం అలాగే ఉంటుంది. సన్నటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేస్తారు. అది చెడితే బోర్డు మొత్తం మార్చాలి. ఆ బోర్డు ఎప్పుడొస్తుందో కౌంటర్‌లోని కుర్రాడికి తెలియదు, అతనికి చెప్పేవాళ్లూ ఉండరు. చివరికి వచ్చినా అది కొత్తదే కానక్కర్లేదు. బాగుచేసిన పాత భాగాన్ని అమర్చే హక్కును చాలా కంపెనీలు వారంటీ షరతుల్లోనే తమకు ఉంచుకున్నాయి.

లోపం ఉందని నిరూపించే పని కూడా కొన్నవాళ్ల నెత్తినే పడుతోంది. న్యాయం కాదు గానీ, ఇవాళ్టి పరిస్థితుల్లో సాక్ష్యం కూడగట్టుకోక తప్పదు. ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. అదే వాట్ల మరో చార్జర్‌తో యంత్రం సరిగా నడిస్తే లోపం అడాప్టర్‌ది అయి ఉండవచ్చు. విండోస్‌లోనే ఉన్న మెమొరీ డయాగ్నొస్టిక్‌ను నడిపి ఫలితాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి. బ్యాటరీ రిపోర్టు తీస్తే తయారీనాటి సామర్థ్యం ఎంతో, ఇప్పుడు నిలుస్తున్నది ఎంతో పక్కపక్కనే కనిపిస్తాయి. యంత్రం ఆగిపోయిన ప్రతిసారీ సీరియల్ నంబరు కూడా కనిపించేలా వీడియో తీయాలి. సర్వీస్ సెంటర్‌లో అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవాలి, లేకుంటే నీళ్లు పడ్డాయనో కింద పడేశారనో రాసి వారంటీ లేదనే ప్రమాదం ఉంది. జాబ్ షీట్ చేతికి రానిదే అక్కణ్నుంచి కదలకూడదు. అందులో లోపం మీరు చెప్పినట్టే రాశారో లేదో చదివి చూసుకోవాలి. అదే లోపంతో రెండోసారి, మూడోసారి ఇచ్చిన జాబ్ షీట్లే రేపు వినియోగదారుల కమిషన్ ముందు మాట్లాడతాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో అప్పు మీద కొన్నవాళ్లకు చోటుందా? నిస్సందేహంగా ఉంది. వాయిదా పద్ధతిలో కొన్నవాళ్లూ వినియోగదారులేనని సెక్షన్ 2(7) స్పష్టంగా చెబుతోంది. స్వయం ఉపాధితో బతకడానికి యంత్రం కొనుక్కుని డీటీపీ చేసుకునేవారికీ ఈ రక్షణ ఉంటుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, లేకుంటే 30 రోజుల్లోపు లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ‘అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు’ అని బిల్లు అడుగున అచ్చేసినంత మాత్రాన ఈ బాధ్యత పోదు. కొన్నవాళ్లు తామున్న జిల్లాలోనే కమిషన్‌కు వెళ్లవచ్చు. సరుకు విలువ 5 లక్షలలోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోనక్కర్లేదు. లోపం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. అంతకన్నా ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

కాగితం మీద ఇంత బాగున్న చట్టం ఆచరణలో నీరుగారిపోతోంది. అవతలి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, సరుకును పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో కేసు తేల్చాలని సెక్షన్ 38 చెబుతోంది. తేల్చాల్సిన కమిషన్లలో అధ్యక్షులు, సభ్యుల కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయనే 2021లో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి ప్రభుత్వాలను మందలించాల్సి వచ్చింది. సరుకును ప్రయోగశాలకు పంపాలంటే ఆ ఖర్చును ముందుగా జమ చేయాల్సిందీ ఫిర్యాదుదారే. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, వారంటీలో భాగం మార్చుతామని మాత్రమే ఉన్నప్పుడు వాహనం మొత్తం మార్చమనడం కుదరదని చెప్పింది. పదే పదే చెడే యంత్రానికి పదే పదే మరమ్మతే చాలని వాదించే కంపెనీలకు ఆ మాట ఆసరా అవుతోంది. ఈ లోపు నాలుగేళ్ల చదువులో ఒక ఏడాది గడిచిపోతుంది, వాయిదాలన్నీ తీరిపోతాయి.

అసలు అన్యాయం రుణంలో ఉంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటే వడ్డీ లేదని కాదు. వడ్డీకి సరిపడా సొమ్మును తయారీ కంపెనీయో దుకాణదారో ముందే తగ్గింపుగా సర్దుబాటు చేస్తారు. అసలు సున్నా వడ్డీ అన్న భావనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చిచెప్పింది. అంటే అమ్మకందారుకూ రుణదాతకూ మధ్య లిఖితపూర్వకమైన వ్యాపార ఒప్పందం ఉంటుంది, లాభంలో వాటా ఉంటుంది. అలాంటి రుణదాత నష్టం దగ్గరికి వచ్చేసరికి దారినపోయేవాడు ఎలా అవుతాడు? రుణ ఒప్పందాల్లో మాత్రం, సరుకులో లోపమున్నా, అది చేతికే అందకపోయినా వాయిదాలు కట్టి తీరాలన్న నిబంధన తరచూ కనిపిస్తుంది. ఓటీపీ కొట్టేవాళ్లలో దాన్ని చదివే తీరిక ఎవరికి ఇస్తున్నారు?

కోపంతో వాయిదా ఆపేస్తే దెబ్బ తగిలేది కొన్నవాళ్లకే. బౌన్స్ చార్జీలు పడతాయి. క్రెడిట్ స్కోరు పడిపోయి, రేపటి విద్యా రుణానికో ఇంటి రుణానికో అడ్డొస్తుంది. ఖాతాలో డబ్బు లేక ఆటోమేటిక్ చెల్లింపు తిరిగొస్తే, చెల్లింపుల వ్యవస్థల చట్టం, 2007 సెక్షన్ 25 ప్రకారం రెండేళ్ల దాకా జైలు శిక్షకు వీలుంది. లోపమున్న సరుకు అంటగట్టి నెలల తరబడి తిప్పించుకునేవాళ్లకు అలాంటి భయం ఏదీ లేదు. అందుకే వాయిదాలు కడుతూనే పోరాడాలని చెప్పక తప్పడం లేదు. కమిషన్‌లో వేసే ఫిర్యాదులో దుకాణాన్నీ కంపెనీనీ మాత్రమే కాదు, రుణదాతనూ ప్రతివాదిగా చేర్చాలి. సెక్షన్ 38(8) కింద వాయిదాల నిలుపుదలకు మధ్యంతర ఉత్తర్వు కోరాలి. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేస్తే అది రిజర్వ్ బ్యాంకు ఆదేశాలకు విరుద్ధం, ఆ కాల్ వివరాలు దాచుకోవాలి. రుణ సంస్థ 30 రోజుల్లో బదులివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి.

కొన్ని దేశాలు రుణదాత బాధ్యత సంగతి ఎప్పుడో తేల్చుకున్నాయి. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 ప్రకారం, ధర వంద పౌండ్లకు మించి 30 వేల పౌండ్ల లోపున్న సరుకు విషయంలో అమ్మకందారు మాట తప్పితే రుణదాత కూడా అంతే బాధ్యుడు. అమ్మకందారు ఏర్పాటు చేసిన రుణమైతే, అమ్మకందారు మీద ఉన్న అభ్యంతరాలన్నీ రుణదాత మీదా లేవనెత్తవచ్చని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో నియమం చేసింది. మన పార్లమెంటు 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసి, సరుకు నాణ్యతకు దాన్ని అద్దె కొనుగోలుకు ఇచ్చేవారిదే పూచీ అని రాసింది. ఆ చట్టం అమల్లోకి రాకుండానే 2005లో రద్దయింది. 2019లో సమగ్ర చట్టం తెచ్చినప్పుడైనా ఈ ఖాళీని పూడ్చలేదు.

రిజర్వ్ బ్యాంకు 2025 మేలో ఇచ్చిన డిజిటల్ రుణాల ఆదేశాల్లో రుణగ్రహీత జరిమానా లేకుండా రుణం వదులుకునే గడువు ఒకటి ఉంది. అది కనీసం ఒక్క రోజు ఉంటే చాలు! వేడెక్కితే గానీ బయటపడని లోపం ఒక్క రోజులో ఎలా తెలుస్తుంది? దుకాణంలోనే ఇచ్చే రుణాలకు ఆ గడువు 30 రోజులు కావాలి. జాబ్ షీట్ రాసిన రోజు నుంచి యంత్రం తిరిగి చేతికొచ్చేదాకా వాయిదా ఆగాలి, ఆ విరామం క్రెడిట్ రికార్డుకు ఎక్కకూడదు. వీటికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు, రిజర్వ్ బ్యాంకు ఆదేశం చాలు. రుణదాతకూ ఉమ్మడి బాధ్యత ఉండాలంటే మాత్రం చట్ట సవరణే మార్గం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనవసరం లేదు. 2019 చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం కూడా ఫిర్యాదుదారు కావచ్చు. వినియోగదారు హక్కులను హరించే ఏకపక్ష నిబంధనలను అన్యాయ ఒప్పందంగా ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఉంది. ‘సరుకు ఎలా ఉన్నా వాయిదా కట్టాలి’ అన్న నిబంధన మీద హైదరాబాద్, అమరావతిలోని పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖలు వచ్చే ప్రవేశాల సీజన్‌కు ముందే ఆ ఫిర్యాదు దాఖలు చేయాలి.