బొమ్మబండికి తగిన టైరు



ఈ మధ్య గోదావరిఖని, రామగుండం ప్రాంతములో గృహ దర్శనములకు వెళ్లిన చోట మేము ఒక కొత్త ప్రశ్న వింటున్నాము. “అయ్యగారూ, మావాడు ఫోనులో డ్రాగ్ రేసు చూసి అటువంటి బండి నమూనా చేస్తానంటున్నాడు. మోటారు దొరికింది, బ్యాటరీ దొరికింది. టైర్లే కుదరడము లేదు. దానికి డబ్బు పెట్టవచ్చునా? అసలు అది విశ్వాసుల ఇంట చేయదగిన పనేనా?”

చేయదగిన పనే అని మా జవాబు. పైసలు ఒడ్డి ఆడే పందెము జూదము. అది మనకు తగదు. కాని పిల్లవాడు తన చేతులతో ఒక బండిని కట్టి, అది ఎందుకు నడిచిందో, ఎందుకు నడవలేదో తెలుసుకొనుట చదువులో భాగము. సొలొమోను మందిరము కొరకు చేయించిన ఇత్తడి స్తంభపు పీటలకు చక్రములు ఎట్లుండెనో పరిశుద్ధ గ్రంథము ఎంత వివరముగా చెప్పినదో చూడండి. మొదటి రాజులు 7వ అధ్యాయములో చక్రము ఎత్తు మూరెడున్నర అని, దాని ఇరుసు, అంచు, ఆకులు ఎట్టివో కూడ వ్రాయబడినది. చక్రము చిన్న సంగతి అని దేవుని వాక్యము దానిని వదిలిపెట్టలేదు.

మన పెద్దలు తాటికాయలకు పుల్ల గుచ్చి బండ్లు చేసుకొన్నారు. పాత సైకిలు టైరును కట్టెతో కొట్టుకుంటూ పొలాల గట్ల మీద పరుగెత్తారు. ఆ తరువాత అరిగిన హవాయి చెప్పులను గుండ్రముగా కోసి చక్రములు చేశారు. నేటి పిల్లలు అడిగేది అదే వరుసలో ఇంకొక మెట్టు.

ముందు ఈ డ్రాగ్ రేసు ఏమిటో తెలుసుకొందాము. తిన్నని బాట మీద రెండు బండ్లు ప్రక్క ప్రక్కన నిలిచి, ఒకేసారి బయలుదేరుతాయి. పాత లెక్కలో బాట పొడవు పావు మైలు, అనగా 1320 అడుగులు. అమెరికాలో అన్నిటికన్నా వేగముగా పోయే తరగతులకు 2008 నుండి 1000 అడుగులకే పరిమితము చేశారు. మలుపులు లేవు. గెలుపు ఓటములు చాలవరకు బయలుదేరే క్షణములోనే తేలిపోతాయి. ఇంజనుకు ఎంత బలమున్నా, ఆ బలము నేలకు అందేది టైరు ద్వారానే. టైరు నేలను పట్టుకోకపోతే బలమంతా ఉన్నచోటనే తిరిగి వృథా అవుతుంది.

అందుకే ఆ బండ్ల వెనుక టైర్లు పెద్దవి, వెడల్పైనవి, మెత్తనివి. వాటి మీద గాడులుండవు, నున్నగా ఉంటాయి. ముందు చక్రములు మాత్రము సన్ననివి, తేలికైనవి. పరుగుకు ముందు నీళ్లు చల్లిన చోట వెనుక చక్రములను గిర్రున తిప్పి పొగ రేపుతారు. అది ఆర్భాటము కొరకు కాదు. అట్లు చేస్తే రబ్బరు మీది మురికి పోయి, వేడెక్కి, నేలను బాగా పట్టుకుంటుంది.

ఇప్పుడు నమూనా సంగతి. అన్నిటికన్నా వేగమైన ఆ బండ్ల వెనుక టైరు ఎత్తు 36 అంగుళాలు, వెడల్పు 17½ అంగుళాలు. పిల్లవాడు 12వ వంతు నమూనా చేస్తే టైరు ఎత్తు 3 అంగుళాలు, వెడల్పు సుమారు అంగుళమున్నర ఉండవలెను. 24వ వంతు అయితే ఎత్తు అంగుళమున్నర, వెడల్పు ముప్పావు అంగుళమునకు కొంచెము తక్కువ. ఈ భాగహారము పిల్లవానినే చేయనివ్వండి. ఎత్తు ఎక్కువైతే చిన్న మోటారు బయలుదేరుటకు కష్టపడుతుంది. మరీ తక్కువైతే త్వరగా కదులుతుంది గాని ఒక్కొక్క చుట్టుకు పోయే దూరము తగ్గుతుంది.

ఇక రబ్బరు. మా సంఘములో ఒక ఇంట జరిగినది, వారి అనుమతితోనే, పేర్లు లేకుండ వ్రాస్తున్నాము. ఆ అబ్బాయి మొదట విరిగిన ఆటబొమ్మ ప్లాస్టికు చక్రములు వేశాడు. సిమెంటు గచ్చు మీద అవి జారి ఉన్నచోటనే తిరిగాయి. తరువాత హవాయి చెప్పును కోసి వేశాడు. తేలికగానే ఉన్నది గాని, చేతితో కోసినందున ఒక ప్రక్క ఎక్కువ, ఒక ప్రక్క తక్కువ అయి బండి కుంటుతూ నడిచింది. ఫోనులో చూసిన విదేశీ టైర్ల జత కొనమని మారాము చేశాడు. ఆ ధర విని తల్లి వద్దన్నది.

తండ్రి బాయిపని చేసే సహోదరుడు. సెకండు షిఫ్టు ముగించుకొని ఒక రాత్రి వచ్చినప్పుడు టిఫిను సంచిలో కన్వేయరు బెల్టు ముక్క ఒకటి తెచ్చాడు. కొడుకు మీది ప్రేమతోనే తెచ్చాడు. భార్య దానిని చూసి, “ఇది మన సొమ్మేనా?” అని అడిగింది.

“పడేసిన ముక్కనే గద,” అన్నాడతడు.

“పడేసిందో, పక్కకు పెట్టిందో మనకేం తెలుసు? రేపు వీని బండి గెలిస్తే టైర్లు యాడికెల్లి తెచ్చినవని అడుగుతరు. పిల్లగాడు ఏం చెప్పాలె?”

అతడు ఆ రాత్రి ఏమియు మాట్లాడలేదు. మరునాడు షిఫ్టుకు పోయేటప్పుడు ఆ ముక్కను తిరిగి తీసుకుపోయి, పైవానితో చెప్పి, పాతసామాను కుప్పలో వేసి వచ్చాడు. పైవాడు నవ్వాడట. నవ్వనిండి. అతని కొడుకు మాత్రము తండ్రి సంచి సర్దుకొనుట చూశాడు.

ప్రియులారా, బొగ్గు ప్రాంతములో బ్రతికే మనకు ఈ శోధన క్రొత్తది కాదు. చేతికందే దూరములో బేరింగులు, తీగలు, రబ్బరు, ఇనుము ఉంటాయి. “ఇంత పెద్ద కంపెనీకి ఇదొక లెక్కా?” అనిపిస్తుంది. ఓపెన్‌కాస్టులో 100 టన్నుల డంపరు టైరు నిలువెత్తు మనిషిని మించి ఉంటుంది. దాని ప్రక్కన అరచేతిలో పట్టే ముక్క ఏపాటిది? కాని పాతసామానుకు కూడ లెక్క ఉన్నది. దానిని వేలము వేసి అమ్ముతారు. లూకా 16వ అధ్యాయము 10వ వచనములో ప్రభువు కొంచెమునకు, ఎక్కువకు వేర్వేరు కొలతలు పెట్టలేదు. ఆకాను డేరాలో పాతిపెట్టిన దానిని యెహోషువ 7వ అధ్యాయములో చదువుతాము. ఇంటిలో దాచినది ఊరికి తెలియకపోవచ్చును గాని, ఇంటిలోని పిల్లలకు తెలియకుండునా?

ఇంకొక మాట. బెల్టు ముక్క టైరుకు పనికిరాదు కూడ. దానిలో గట్టి గుడ్డ పొరలుంటాయి. కోస్తే అంచు పీచులు లేస్తుంది, బరువు ఎక్కువ, మెత్తదనము తక్కువ. అయితే అది పనికిరానిది గనుక తిరిగి ఇవ్వలేదు. లోకములోకెల్ల మేలైన రబ్బరు అయినా అది తిరిగి పోవలసినదే.

ఆదివారము ఆరాధన తరువాత తండ్రి కొడుకులిద్దరు సైకిలు షాపుకు పోయారు. పంక్చర్లు వేసే పెద్దాయనను అడిగి ఒక పాత ట్యూబు కొన్నారు. పలుచని చెక్కను గుండ్రముగా కోసి, నడిమధ్య రంధ్రము చేసి, దాని మీద ట్యూబు ముక్కలను బిగువుగా ఎక్కించారు. మెత్తనిది, సాగేది, పల్చనిది గనుక అది సరిగా కుదిరింది. పిల్లలు చేసుకొనుటకు కొన్ని సూచనలు ఇస్తున్నాము.

గోటితో నొక్కితే కొంచెము లోపలికి పోయి తిరిగి లేచే రబ్బరు మంచిది. ఎండి పగుళ్లు పట్టినది వద్దు. కుడి ఎడమ చక్రముల ఎత్తు సమానముగా ఉండవలెను, లేకుంటే బండి ఒక ప్రక్కకు లాగుతుంది. ఇరుసుకు బిగించిన తరువాత మోటారుతో మెల్లగా తిప్పుతూ ఉప్పుకాగితమును తాకిస్తే మిట్టలు అరిగి గుండ్రముగా వస్తుంది. ఈ పని పెద్దలు దగ్గరుండి చేయించవలెను. బ్యాటరీ బరువు వెనుక చక్రముల మీదికి వచ్చునట్లు అమర్చండి. మన ఇండ్లలో గచ్చు మీద ఎప్పుడూ బొగ్గు ధూళి సన్నగా పరచుకొని ఉంటుంది. ప్రతి పరుగుకు ముందు నేల తుడిచి, టైరును తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. రబ్బరు సొల్యూషను వాడితే కిటికీ తెరిచి, పొయ్యికి దూరముగా వాడండి. దాని వాసన పిల్లలకు హాని. చివరగా, ఒకసారి ఒకే మార్పు చేసి, ఒక్కొక్కదానిని మూడుసార్లు పరుగెత్తించి, సమయము నోటుబుక్కులో వ్రాసుకోండి. అప్పుడే ఏ టైరు మేలో తెలుస్తుంది.

ఆ అబ్బాయి బండి బడిలో మొదటిది రాలేదు, మూడవది వచ్చింది. టైర్లు ఎక్కడివని ఒక ఉపాధ్యాయుడు అడిగితే, “మా నాయిన నేను సైకిలు షాపుల కొన్న ట్యూబుతో చేసినం సార్,” అని చెప్పాడట.

షిఫ్టులతో అలసిన తండ్రులకు ఇది కష్టమని మాకు తెలుసు. కాని ఒక తండ్రి సంగతి వినండి. ఐర్లండులోని బెల్‌ఫాస్టు పట్టణములో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల వైద్యుడుండెను. రాళ్ల వీధిలో తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి ఎగిరెగిరి పడుట చూసి, పలుచని రబ్బరుతో గొట్టము చేసి, గాలి నింపి, చెక్క చక్రమునకు చుట్టాడు. పాత చక్రమును, దీనిని పెరటిలో దొర్లించి చూస్తే గాలి చక్రమే దూరము పోయింది. 1888లో దానికి పేటెంటు పొందాడు. స్కాట్లండువాడైన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే అటువంటిది పేటెంటు చేసి ఉన్నందున డన్‌లప్ హక్కు తరువాత నిలువలేదు. అయినను నేడు మనము ఎక్కే సైకిలు, బస్సుల గాలి టైర్లు వాడుకలోకి వచ్చినది ఆ తండ్రి తన బిడ్డ ఆటబండి దగ్గర వంగి కూర్చున్నందుననే.

యౌవనులకు ఒక హెచ్చరిక. నమూనా బండి పరుగు వరండాలోనే. మోటారు సైకిళ్ల మీద రాజీవ్ రహదారిని డ్రాగ్ రేసు బాటగా చేయవద్దు. అక్కడ లారీలున్నవి, నడిచిపోయే తల్లులున్నారు.

తల్లిదండ్రులారా, ఈ నెల ఒక సాయంకాలము ఫోను ప్రక్కన పెట్టి పిల్లవానితో నేల మీద కూర్చోండి. అప్పు చేసి కొనవద్దు, పనిచేసే చోటు నుండి తేవద్దు. ఉన్నదానితో, అడిగి తెచ్చినదానితో, వెల ఇచ్చి కొన్నదానితో చేయండి. గృహారాధనలో సామెతలు 11వ అధ్యాయము మొదటి వచనము చదివి, మన ఇంటి త్రాసు సరిగా ఉన్నదా అని పిల్లలతో కలిసి మాట్లాడుకోండి. వారు మనలను ఏమైనా అడిగితే దాచకుండ జవాబు చెప్పగల కృప దేవుడు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.