ఆవిరి దుప్పటి దాటితేనే...

చలికాలంలో మబ్బులేని రాత్రి ఆదిలాబాద్ గజగజ వణుకుతుంది. మబ్బు పట్టిన రాత్రి చలి కాస్త తగ్గుతుంది. ఎందుకంటారు? పగలు ఎండకు కాగిన నేల రాత్రిపూట ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వదిలేస్తుంది. మబ్బులు, గాలిలోని నీటి ఆవిరి వాటిని పట్టి ఆపి, కొంత వేడిని తిరిగి నేలకే పంపుతాయి. మనకు దుప్పటిలా పనికొచ్చే ఈ ఆవిరే ఖగోళ శాస్త్రజ్ఞులకు పెద్ద తలనొప్పి.

ఎందుకంటే, ఏ గ్రహం మీద ఏ వాయువుందో చెప్పేదీ పరారుణ కిరణాలే. ఒక్కో వాయువు కొన్ని తరంగాలను మాత్రమే మింగేస్తుంది. గ్రహం నుంచి వచ్చే కాంతిలో ఏవి తగ్గాయో చూస్తే చాలు, వేలిముద్రతో దొంగ దొరికినట్టు వాయువు దొరికిపోతుంది. 1932లో అమెరికాలోని మౌంట్ విల్సన్ నుంచి ఆడమ్స్, డన్‌హమ్ శుక్రుడి మీద కార్బన్ డయాక్సైడ్‌ను ఇలాగే కనిపెట్టారు. 1947లో కైపర్ అదే వాయువును అంగారకుడి మీద గుర్తించాడు. కానీ అక్కడ నీటి ఆవిరిని వెతకాలంటే మాత్రం మన గాలిలోని ఆవిరే అడ్డొస్తుంది!

దానికో ఉపాయం, పొడిగాలి ఉండే ఎత్తుకు వెళ్లడం. లడఖ్‌లోని హాన్లేలో సుమారు 4,500 మీటర్ల ఎత్తున టెలిస్కోప్ పెట్టింది అందుకే. అంత ఎత్తుకూ అందని పరారుణ తరంగాలు కొన్ని ఉన్నాయి. వాటికోసం హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం మరో దారి పట్టింది. హైడ్రోజన్ నింపిన పల్చటి ప్లాస్టిక్ బెలూన్లు పరికరాలను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్తాయి. ఒక మీటరు అద్దమున్న పరారుణ టెలిస్కోప్ ఇలా ఎన్నోసార్లు ఎగిరింది. నక్షత్రాలు పుట్టే మేఘాలను చూడడం దాని అసలు పని. కొలతలు సరిచూసుకోవడానికి గురుగ్రహం వైపూ తిప్పేవారు.

పని ముగిశాక పరికరాలు రంగుల పారాచూట్‌తో కిందికి దిగుతాయి. ఎక్కడ దిగుతాయన్నది గాలివాటం. 2022లో ఆ కేంద్రం ముందుజాగ్రత్తగా ప్రకటించిన జిల్లాల్లో ఆదిలాబాద్, కరీంనగర్ కూడా ఉన్నాయి. కనుక మీ పత్తిచేనులో ఎప్పుడైనా అలాంటి పెట్టె కనబడితే భయపడొద్దు, విప్పొద్దు, జరపొద్దు. కొన్నింటిలో హైవోల్టేజీ కరెంటు ఉండొచ్చు. పెట్టెమీదున్న నంబరుకు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పోలీసులకు చెప్పండి. దిగిన చోట ఎవరూ చెయ్యి పెట్టకపోతేనే అది మళ్లీ ఎగురుతుంది.