పెదవి కలిశాక వచ్చే గ్రహణం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దుర్గ్ జిల్లాలో, భిలాయికి ఉత్తరాన ఉన్న నందిని, అక్కడి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి అందించే గనుల ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి కర్మాగారానికి పునాది పడి, 1959 ఫిబ్రవరిలో దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన కాలం నుంచి ఆ ప్రాంతానికి పని వెతుక్కుంటూ వెళ్ళి స్థిరపడిన వారిలో ఉత్తరాంధ్ర కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇనుప ఖనిజంలోని మలినాలను చిట్టెంగా విడగొట్టడానికి కొలిమిలో సున్నపురాయి ఎందుకు వేయాలో ఈ కుటుంబాల మగవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా ఇంట్లో తొలిచూలు నిలిచిందని తెలిసిన నాటి నుంచి పంచాంగం ఆ ఇంటికి పెద్దదిక్కు అవుతుంది.

నిషేధాలు భర్తతోనే మొదలవుతాయి. చూలాలి భర్త కొబ్బరికాయ కొట్టరాదు, గుమ్మడికాయ పగలగొట్టరాదు, చెట్టు నరకరాదు, శవాన్ని మోయరాదు, కొన్ని ఇళ్ళలో క్షౌరం కూడా చేయించుకోరాదు. సెప్టెంబరు 17న కార్ఖానాల్లో విశ్వకర్మ పూజ జరిగేటప్పుడు ఇలాంటివాడు కొబ్బరికాయను పక్కవాడి చేతికిచ్చి, మరునాడు షిఫ్టుకు పోయి మందుగుండు పెట్టి కొండను పగలగొట్టవచ్చు. టెంకాయ పగిలితే గర్భస్థ శిశువుకు కలిగే కీడు టన్నులకొద్దీ సున్నపురాయి పగిలితే ఎందుకు కలగదో ఏ ధర్మశాస్త్రమూ చెప్పదు. జీతం వచ్చే పనికి దోషం అంటదన్నది ఆ శాస్త్రంలో రాయకుండా వదిలేసిన సూత్రం కాబోలు.

భర్తకు విధించినవి నవ్వుకొని వదిలేయదగినవే. భార్యకు విధించినవి అలాంటివి కావు. 2025 సెప్టెంబరు 7 రాత్రి, భాద్రపద పౌర్ణమినాడు, భారతదేశమంతటా కనిపించవలసిన సంపూర్ణ చంద్రగ్రహణం 9 గంటల 57 నిమిషాలకు పట్టి, 1 గంట 26 నిమిషాలకు విడిచింది. సంప్రదాయం ప్రకారం చంద్రగ్రహణానికి తొమ్మిది గంటల ముందే సూతకం, అంటే వంటకూ భోజనానికీ పనికిరాని మైల సమయం, మొదలవుతుంది కాబట్టి, నియమాన్ని పూర్తిగా పాటించే ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అర్ధరాత్రి దాటేదాకా పొయ్యి వెలగదు. గర్భిణులకు, పిల్లలకు, వృద్ధులకు సడలింపు ఉందని పండితులు టీవీలో చెబుతారు గాని, ఆ సడలింపు తిండి వరకే. చూలాలు కత్తిపీట ముట్టరాదు, సూదిలో దారం ఎక్కించరాదు, ఒళ్ళు గోక్కోరాదు, పక్కకు ఒత్తిగిల్లరాదు. తలుపులు మూసిన గదిలో కాళ్ళు చాపుకొని వెల్లకిలా పడుకోవాలి. నెలలు నిండుతున్న స్త్రీ ఎక్కువసేపు వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భాశయం పెద్ద రక్తనాళాన్ని నొక్కి, రక్తపోటు పడిపోయి, బిడ్డకు చేరే రక్తం తగ్గవచ్చు. అందుకే వైద్యులు ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. బిడ్డను కాపాడుతుందని చెప్పే ఆచారం, బిడ్డకు చేటు చేయగల భంగిమనే ఏరికోరి విధిస్తున్నది.

ఈ నియమాలన్నిటికీ చూపే కారణం ఒకటే, గ్రహణం మొర్రి, అంటే బిడ్డ పెదవి చీలికతో పుట్టడం. గ్రహణ సమయంలో తల్లి దేన్ని కోస్తే బిడ్డకు అక్కడ కోత పడుతుందన్నది నమ్మకం. మరి పిండశాస్త్రం, అంటే గర్భంలో శరీరం ఏర్పడే క్రమాన్ని వివరించే శాస్త్రం, చెప్పేది వేరు. ముఖానికి రెండు వైపుల నుంచి పెరిగే కణజాలాలు మధ్యకు వచ్చి పెదవిగా అతుక్కోవడం గర్భం 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి మూసుకోవడం 6 నుంచి 9 వారాల మధ్య జరిగిపోతుంది. చాలామంది స్త్రీలకు నెల తప్పిందన్న అనుమానం కలిగి, సంగతి అత్తగారి చెవిన పడే లోపలే పెదవి సంగతి తేలిపోతుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో గదిలో బంధించిన స్త్రీ కడుపులోని బిడ్డ పెదవి ఏనాడో కలిసిపోయి ఉంటుంది, లేదా ఏనాడో కలవకుండా నిలిచిపోయి ఉంటుంది; రాహువు ఎంత ఆకలితో వచ్చినా అక్కడ అతడికి చేయడానికి పని మిగలలేదు. మొర్రికి వంశపారంపర్య లక్షణాలు, పొగాకు, మూర్ఛకు వాడే కొన్ని మందులు, అదుపులో లేని మధుమేహం వంటివి దోహదం చేస్తాయని తెలుసు. 2024 ఏప్రిల్ 8న ఉత్తర అమెరికాలో కోట్లమంది గ్రహణపు కళ్ళద్దాలతో వీధుల్లోకి వచ్చి సూర్యగ్రహణం చూశారు. వారిలోని గర్భిణులకు ఆ ఏడాది మొర్రి పిల్లలు గుంపులుగా పుట్టిన దాఖలా లేదు. ఆర్యభటుడు 499లోనే గ్రహణాలు నీడలని వివరించాడు. ఆ గణితంతోనే పట్టు విడుపులను నిమిషాలతో సహా లెక్కగట్టే పంచాంగకర్త, లెక్క ముగిశాక పామును పిలుస్తాడు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలంగాణ మీదుగా సాగినప్పుడు, హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు పరికరాలు బిగించి ఎదురుచూస్తుండగా, ఊళ్ళలో పట్టపగలే తలుపులు మూసుకున్నాయి. ఈ వ్యాసకర్త బంధువర్గంలోని ఒక నిండు చూలాలిని ఆనాడు చీకటిగదిలో పడుకోబెట్టి, విడుపు స్నానం దాకా ఒంటికి పోవడానికి కూడా లేవనివ్వలేదు. ఆమె పక్కమీదనే తడుపుకొని సిగ్గుతో ఏడ్చింది. బిడ్డ చక్కగానే పుట్టాడు, ఆ ఘనత నియమానికి దక్కింది. పొరుగింట్లో మొర్రితో పుట్టిన పాప విషయంలో మాత్రం తల్లి ఏదో కోసే ఉంటుందని ఊరంతా తీర్పు చెప్పింది. ఈ ఆచారం నడిచే పద్ధతి ఇదే: మంచి జరిగితే గొప్ప దానిది, చెడు జరిగితే నేరం తల్లిది. బిడ్డకు పాలు పట్టడమే కష్టమై, గొంతు పొలమారుతుందని భయపడుతూ ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోస్తున్న బాలింతను, ఆ వేళ నీ చేతిలో కత్తి ఉందా అని విచారించడాన్ని భక్తి అనాలా, హింస అనాలా?

ఇంత కాపలా కాసే పెద్దలు నిజంగా కాపలా కావలసిన చోట కనిపించరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రభుత్వం ఊరకే ఇచ్చే ఇనుము మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని వాటిని చెత్తబుట్టలో వేయించి, తెల్లగా పుట్టాలని పాలలో కుంకుమపువ్వు కలిపిస్తారు. ఉక్కు తయారయ్యే ఊళ్ళోనే రక్తంలో ఇనుము చాలక స్త్రీలు సోలిపోవడం విడ్డూరం. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలో వంగిపోయే వంశపారంపర్య వ్యాధి, ఎక్కువ. భార్యాభర్తలిద్దరూ దాని వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. జాతకాల్లో ముప్పై ఆరు గుణాలు లెక్కపెట్టే కుటుంబం ఒక్క రక్తపరీక్ష అడగదు.

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న పట్టుదల కూడా భిలాయి, నందినిలలో స్థిరపడిన ఈ కుటుంబాలకు తేలిక కాదు. నెలలు నిండిన స్త్రీ రాయపూర్, రాయగడ మీదుగా విజయనగరం దాకా రైల్లో కూర్చోవాలి. అన్నాళ్ళూ చూసిన డాక్టరును వదిలి, కాగితాల కట్టతో కొత్త ఆసుపత్రికి చేరాలి. తల్లి దగ్గర దొరికే విశ్రాంతి నిజమే, అది అవసరమే. కానీ అత్తింట్లో ఆమెకు విశ్రాంతి ఎందుకు దొరకదన్న ప్రశ్నను ఈ ఆచారం తెలివిగా దాటవేస్తుంది. ఆ తరువాత ముహూర్తపు సిజేరియన్ ఒకటి. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కోతతో జరిగినవే. వాటన్నిటికీ ముహూర్తమే కారణం కాదు గాని, అవసరం లేకున్నా 39 వారాలు నిండకముందే కోసి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది పెరుగుతుందని తెలిసి కూడా నక్షత్రం కోసం తేదీ అడిగే కుటుంబాలు, ఇచ్చే ఆసుపత్రులు ఉన్నాయి. గ్రహణమప్పుడు కూరగాయ కోయనివ్వని వారే మంచి నక్షత్రం ఉంటే కడుపు కోయిస్తారు.

తొలిచూలు దంపతులు గుర్తుంచుకోవలసినవి ఆరోగ్య కేంద్రాల్లోనే దొరుకుతాయి. గర్భం కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్ష జరుగుతుంది. మొర్రితో బిడ్డ పుడితే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద శస్త్రచికిత్సకు డబ్బు కట్టనక్కరలేదు. పెదవిని సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో కుడతారు. ఆ బిడ్డను చూడడానికి వెళ్ళే బంధువులు తల్లిని గ్రహణం గురించి అడగవద్దు. ఆపరేషన్ ఎప్పుడో అడిగి, ఆ రోజు తోడు వెళ్ళండి.