బీజింగ్‌లో గొంతు నొక్కితే భీమవరంలో ధర పడుతుంది

కరోనా రోజుల్లో చైనా కస్టమ్స్ శాఖ మన రొయ్యలు, చేపల ప్లాంట్ల సరుకును ఒక్కొక్కటిగా ఆపేసింది. పెట్టెల మీద వైరస్ ఆనవాళ్లు దొరికాయన్నది కారణం. 2020 డిసెంబరు నుంచి అలా ఆగిన 110 ప్లాంట్లలో 99కి మళ్లీ అనుమతి వచ్చింది 2023 ఫిబ్రవరిలో.

ఉండి, ఆకివీడు, భీమవరం చెరువులకు ఇది చిన్న విషయం కాదు. అమెరికా తర్వాత మన సరుకుకు పెద్ద గిరాకీ చైనాదే. ధర పడటానికి ఈక్వడార్ రొయ్య పోటీ లాంటి కారణాలూ ఉన్నాయి, నిజమే. కానీ ‘చైనా కొనడం లేదండీ’ అని ఏజెంటు అన్నాక రైతు చేతిలో ఏముంటుంది? అమ్మకానికి తగ్గ కౌంటుకొచ్చిన రొయ్యను ఆపితే రోజూ మేత పోయాలి, ఏరియేటర్లు తిప్పాలి, తెల్లమచ్చ వ్యాధి వస్తే చెరువంతా పోతుంది. అడిగిన ధరకు పట్టుబడి చేయాల్సిందే.

మరి అక్కడి అధికారిని నిలదీసేదెవరు? ఒక్క కంపెనీ నిలదీయదు, రేపటి కంటైనర్ గుర్తొస్తుంది. అందుకే సంఘం కావాలి. చైనాలో ఆ సంఘం మీదే ఒత్తిడి. అక్కడ విదేశీ వాణిజ్య మండళ్లు (ఛాంబర్లు) 1989 నాటి నిబంధనల కింద, ప్రభుత్వం దగ్గర రిజిస్టరై పనిచేయాలి. 2014లో గుత్తాధిపత్య కేసుల్లో విదేశీ కంపెనీలను విచారిస్తున్నప్పుడు, సవాలు చేయొద్దని, లాయర్లను తేవద్దని, సొంత ప్రభుత్వానికీ ఛాంబర్‌కీ చెప్పొద్దని బెదిరిస్తున్నారని చైనాలోని యూరోపియన్ ఛాంబర్ బహిరంగంగా ఆరోపించింది. 2021లో వాషింగ్టన్‌లోని చైనా రాయబార కార్యాలయం చైనాకు వ్యతిరేకమైన బిల్లులను అడ్డుకోమని అమెరికా కంపెనీలనూ వ్యాపార సంఘాలనూ కోరినట్లు వార్తలొచ్చాయి. ఫిర్యాదు చేయాల్సిన సంఘాన్ని తన తరఫు వకాల్తాకు వాడుకోవాలని చూడటం ఇది. నాకు ఇదే ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది.

యూరప్ వాళ్ల గొడవ మనకెందుకు అనుకోకండి. కస్టమ్స్ నిబంధన ఏ దేశపు సరుకుకైనా వర్తిస్తుంది. పెద్ద దేశాల ఛాంబర్ ధైర్యంగా అడిగి రాబట్టిన జవాబు గోదావరి రొయ్యకూ పనికొస్తుంది.

పరాయి వర్తకుడికి భయం లేకుండా చేయడం మన తీరానికి కొత్త కాదు. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఆయన అది మాని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని రాతి మీద రాయించి బాహాటంగా మాటిచ్చాడు. తర్వాతి అధికారి కాదనలేడు.

ఈ రోజు మనం చైనాను మార్చలేం. మన ఎగుమతి తనిఖీ మండలి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా), ఎగుమతిదారుల సంఘం మాత్రం చేయగలిగింది ఒకటుంది. ఏ ప్లాంటును ఎందుకు ఆపారు, ఎప్పటికి తెరుస్తామన్నారు, మనవాళ్లు ఏం జవాబిచ్చారు అన్నది అదే వారం తెలుగులో ప్రకటించాలి. ధర మాట్లాడేటప్పుడు ఆ కాగితం ఏజెంటు చేతిలోనే కాదు, రైతు చేతిలోనూ ఉండాలి.